డిశ్చార్జి బుక్‌లో ఎక్కని మెడల్

ఒక మాజీ సైనికుడు 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు సరిహద్దు దాటి వెళ్ళిన యూనిట్‌లో పనిచేశారు. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. రిటైరయ్యేటప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్ తెరిచి మెడల్స్ రాసే పేజీ చూస్తే మాత్రం తొమ్మిదేళ్ళ సర్వీసు మెడల్ ఉంటుంది, 1972లో అందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ ఉంటుంది. ఆ యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నవాళ్ళకి ఇచ్చిన పూర్వీ స్టార్ ఉండదు. రిటైరై వచ్చిన రోజున ఆ పేజీని ఎవరూ పరీక్షగా చూడరు. పెన్షన్ వచ్చిందా, క్యాంటీన్ కార్డు వచ్చిందా, పిల్లలకి కోటా సర్టిఫికెట్ వచ్చిందా అన్నదే అప్పటి టెన్షన్. ఆ గడి ఖాళీగా ఉందన్న సంగతి డెబ్బై ఏళ్ళు దాటాక, మనవళ్ళు అడిగినప్పుడు కళ్ళబడుతుంది. అప్పుడు ఒక తెల్లకాగితం మీద సైనికుల సర్వీసు పత్రాలు దాచే రికార్డ్స్ ఆఫీసుకి అర్జీ వెళ్తుంది. చాలా సందర్భాల్లో తిరిగొచ్చే జవాబు నాలుగు వాక్యాలు మించదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు లేని మండలం ఉండదు. వర్షాధారపు సాగు, వలసలు ఎక్కువగా ఉన్న ఈ నేల నుంచి తరతరాలుగా కుర్రాళ్ళు ఆర్మీకి, పక్కనే విశాఖలో ఉన్న నేవీకి వెళ్తూనే ఉన్నారు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి ఆఫీసర్లను తయారుచేస్తోంది. కానీ మెడల్ రికార్డు గొడవ ఆఫీసర్లది తక్కువ, సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లది ఎక్కువ. అర్జీ ఎందుకు గెలుస్తుంది, ఎందుకు ఓడిపోతుంది అన్నది తెలియాలంటే ముందు మెడల్స్‌లో రెండు జాతులున్నాయని గ్రహించాలి.

మొదటిది, ఫలానా యుద్ధంలో, ఫలానా ప్రాంతంలో, ఫలానా తేదీల మధ్య ఉన్నందుకు వచ్చేది. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. సియాచిన్‌లో పనిచేసినవాళ్ళకి సియాచిన్ గ్లేసియర్ మెడల్, కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ ఇచ్చారు. వీటికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. షరతు నిండితే మెడల్ రావాల్సిందే. వంటవాడైనా, డ్రైవరైనా, గన్ పేల్చినవాడైనా ఆ తేదీల్లో ఆ చోట ఉంటే అర్హుడే.

రెండో జాతి శౌర్య పతకాలు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్ వంటివి. వీటికి కంపెనీ కమాండర్ స్థాయిలో సైటేషన్, అంటే చూపించిన సాహసాన్ని వివరించే సిఫార్సు, రాయాలి. అది బెటాలియన్, బ్రిగేడ్, పై హెడ్‌క్వార్టర్స్ దాటి ఢిల్లీ చేరాలి. ప్రతి మెట్టు దగ్గరా దాన్ని ఆపే అధికారం, స్థాయి తగ్గించే అధికారం ఉంటుంది. శౌర్య పతకం ఎవరికీ హక్కు కాదనీ, యుద్ధభూమిలో ఎవరు ఎంత ధైర్యం చూపించారో తూచే పని తమది కాదనీ కోర్టులు, ట్రిబ్యునళ్ళు మళ్ళీమళ్ళీ చెప్పాయి.

అర్జీల్లో ఎక్కువ భాగం ఇక్కడే దెబ్బతింటాయి. రాసేవాళ్ళు రెండింటినీ కలిపేస్తారు. ‘నేను 1971లో బంకర్ మీద దాడిలో ముందున్నాను, నాకు ఏ మెడలూ ఇవ్వలేదు’ అని రాస్తే ఆఫీసు దాన్ని శౌర్య పతకం అడిగినట్టు చదువుకుంటుంది. ‘సిఫార్సు లేదు, గడువు ముగిసింది’ అని జవాబిస్తుంది. అదే మనిషి ‘ఫలానా యూనిట్‌లో, ఫలానా తేదీన నేను ఉన్నట్టు మీ రికార్డుల్లో ఉంది, ఆ యూనిట్‌కి పూర్వీ స్టార్ వర్తించింది, నా షీట్ రోల్‌లో (సర్వీసు రికార్డులో) ఎందుకు ఎక్కలేదో చెప్పండి’ అని అడిగితే ఆఫీసుకి అంత తేలిక జవాబు దొరకదు. చూపించిన ధైర్యం చెప్పుకోవాలనే కోరిక సహజమే, న్యాయమే. అర్జీలో మాత్రం దానికి చోటు తక్కువ.

ఇంతకీ మెడల్ కాగితం మీదకి ఎలా ఎక్కుతుంది? ఆర్మీలో జవాను జీవితంలో జరిగే ప్రతి మార్పునీ, అంటే పెళ్ళి, బిడ్డ పుట్టడం, ప్రమోషన్, సెలవు, ఆసుపత్రి, శిక్ష, మెడల్, ఇలా అన్నిటినీ యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ అనే రూపంలో ప్రచురిస్తుంది. దాని కాపీ రికార్డ్స్ ఆఫీసుకి వెళ్తుంది. అక్కడ దాన్నిబట్టి జవాను షీట్ రోల్‌లో నమోదు చేస్తారు. రిటైరయ్యేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులోకి ఆ నమోదులే దిగుతాయి. పొలం నాలుగు తరాలుగా దున్నుతున్నా అడంగల్‌లో పేరు లేకపోతే రైతు కాకుండా పోయినట్టు, పార్ట్ టూ ఆర్డర్ పడకపోతే యుద్ధం చేసినవాడు కూడా కాగితం ప్రకారం యుద్ధంలో లేనట్టే.

ఆ ఆర్డర్ పడకపోవడానికి కారణాలు వెతికితే మోసాలేమీ కనిపించవు, మామూలు ఆఫీసు గందరగోళాలే కనిపిస్తాయి. రవాణా, సరఫరాలు చూసే సర్వీస్ కోర్ నుంచి వచ్చిన డ్రైవర్‌ని యుద్ధ సమయంలో ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కి అటాచ్ చేస్తారు. అతను వాళ్ళ మనిషని వీళ్ళూ, వీళ్ళ మనిషని వాళ్ళూ అనుకుంటే ఇద్దరూ రాయరు. గాయపడ్డ జవానుని ఆసుపత్రికి తరలించాక యూనిట్ బలం నుంచి పేరు తీసేస్తారు. మెడల్ అర్హుల జాబితా తయారయ్యే నాటికి అతను ఇంకో డిపోలో ఉంటాడు. యుద్ధం ముగిసిన కొన్ని నెలలకే ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళదీ, సర్వీసు పూర్తయి ఇంటికి వచ్చేసినవాళ్ళదీ అదే పరిస్థితి. మెడల్ షరతులు ప్రకటించేసరికి, పేర్లు సేకరించేసరికి సమయం గడిచిపోతుంది. ఆ సమయంలో కదిలిపోయినవాడు జారిపోతాడు.

ఇంకో చిక్కు ఉంది, ఇది పూర్తిగా ఉత్తరాంధ్ర చిక్కు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖ జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ విభజన జరిగింది, పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, రాజాం విజయనగరంలోకి వెళ్ళింది. కాబట్టి 1965లో బొబ్బిలి దగ్గర పల్లె నుంచి చేరిన జవాను పత్రాల్లో జిల్లా శ్రీకాకుళం అని ఉంటుంది, ఆధార్‌లో విజయనగరం అని ఉంటుంది. పార్వతీపురం మనిషైతే ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల పేర్లు మారి ఉంటాయి. దీనికి తోడు పేర్లు. అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పారావు, సూర్యనారాయణ ఈ ప్రాంతంలో వీధికొకరు. చేరిన రోజు క్లర్కు ఇంగ్లీషులో ఎలా విన్నాడో అలా రాశాడు. ఒకచోట రెండు ముక్కలు, ఒకచోట ఒకటే ముక్క. ఒకచోట ఇంటిపేరు ఉంది, ఇంకోచోట లేదు. ఎక్కడో ఊటీ కొండల మీద వెల్లింగ్టన్‌లోనో, నాసిక్‌లోనో, జబల్‌పూర్‌లోనో కూర్చున్న గుమాస్తా ఈ పేరుతో, ఈ జిల్లాతో వెతికితే మనిషి దొరకడు.

అందుకే అర్జీలో అన్నిటికంటే ముఖ్యమైనది సర్వీస్ నంబరు. దాంట్లో కూడా ఒక మెలిక ఉంది. నాయబ్ సుబేదారుగా ప్రమోషన్ వచ్చినవాళ్ళకి జేసీ నంబరు అనే కొత్త నంబరు వస్తుంది. యుద్ధకాలం నాటి నమోదులన్నీ పాత నంబరు మీద ఉంటాయి. పెన్షన్ పేపర్ల మీద ఉన్న కొత్త నంబరొకటే రాసి పంపితే వెతుకులాట సగంలో ఆగిపోయే ప్రమాదం ఉంది. రెండూ రాయాలి. ఏ రికార్డ్స్ ఆఫీసుకి రాయాలన్నది కూడా సర్వీసు చేసిన రెజిమెంటునిబట్టే తేలుతుంది. మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి బెంగళూరు, వాహనాలు, ఆయుధాల మరమ్మతులు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్. నావికుల రికార్డులు ముంబైలోనూ, ఎయిర్‌మెన్‌వి ఢిల్లీలోనూ ఉంటాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అర్జీ రాసిపెడుతుంది, కవరింగ్ లెటర్ పెట్టి పంపుతుంది, గుర్తుచేస్తుంది. మెడల్ ఇవ్వమని ఆదేశించే అధికారం దానికి లేదు. ఇది తెలియక ఆ ఆఫీసు చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్ళు ఉంటారు.

అర్జీ కంటే ముందు చేయాల్సిన పని సొంత కాగితాలు తెప్పించుకోవడం. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో రికార్డ్స్ ఆఫీసుని తన షీట్ రోల్ కాపీ, ఫలానా సంవత్సరాల పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత కేంద్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. తన గురించి తాను అడిగే కాగితానికి అడ్డుచెప్పడం కష్టం. యుద్ధకాలంలో యూనిట్ రోజువారీ రాసుకునే వార్ డైరీ అడిగితే మాత్రం దేశభద్రత పేరుతో సెక్షన్ 8 అడ్డు రావచ్చు. ఇరవై ఏళ్ళు దాటిన సమాచారం ఇవ్వాలన్న నియమం అదే సెక్షన్‌లో ఉన్నా, దేశభద్రత మినహాయింపుకి అది వర్తించదు. 2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వశాఖ 25 ఏళ్ళు దాటిన యుద్ధ రికార్డులను పరిశీలించి జాతీయ ఆర్కైవ్స్‌కి పంపాలనే విధానం తెచ్చింది. అది నిజంగా అమలైతే 1965, 1971 జవాన్లకి మేలు జరుగుతుంది. ఒక యూనిట్ ఫలానా తేదీన ఎక్కడుందో చెప్పే కాగితం వార్ డైరీకి మించింది లేదు.

అసలు రికార్డే లేకపోతే ఏం చేయాలి? ఈ సమస్యలో అన్నిటికంటే బాధపెట్టే భాగం ఇది. ఆర్మీ రెగ్యులేషన్స్ ప్రకారం పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్ళ సర్వీసు పత్రాలను 25 ఏళ్ళు మాత్రమే ఉంచుతారు. తర్వాత ధ్వంసం చేస్తారు. పేరు, నంబరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ వంటి కొన్ని వివరాలతో లాంగ్ రోల్ అనే రిజిస్టరు మిగులుతుంది. అంటే పదిహేనేళ్ళు నిండకుండా ఇంటికొచ్చిన సిపాయి యుద్ధంలో పాల్గొన్నా, ఆ యుద్ధానికి సాక్ష్యమైన కాగితాన్ని ప్రభుత్వమే తన నియమం ప్రకారం తగలబెట్టింది. ఆ తర్వాత అతను అర్జీ పెడితే ‘రికార్డు లేదు కాబట్టి నిర్ధారించలేం’ అని అదే ప్రభుత్వం అంటుంది. ఇది న్యాయం కాదు. కాగితం దాచే బాధ్యత జవానుది కాదు. తన దగ్గరున్నదాన్ని తీసేసినవాళ్ళు ఆ లోటు భారాన్ని అవతలివాడి నెత్తిన పెట్టకూడదు.

ఇదే చిక్కు అమెరికాలో ఇంతకంటే పెద్దగా వచ్చింది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు లేచి సుమారు 1.6 నుంచి 1.8 కోట్ల సైనికుల ఫైళ్ళు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి బయటికి వచ్చినవాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం పోయాయి. వాళ్ళు చేతులెత్తేయలేదు. జీతం వోచర్లు, యూనిట్ల ఉదయపు హాజరు నివేదికలు, ఆసుపత్రి చేరికల జాబితాలు తవ్వి తీసి ఒక్కొక్కరి సర్వీసునీ తిరిగి నిర్మించే పద్ధతి పెట్టుకున్నారు. పైగా అక్కడ రికార్డులు సరిదిద్దడానికే ప్రత్యేకంగా బోర్డులున్నాయి. అంతకుముందు ఒక్కో సైనికుడి రికార్డు సరిచేయడానికి అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఒక్కో బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ భారం భరించలేక 1946లో కాంగ్రెస్ ఈ బోర్డులకి చట్టం చేసింది. పౌర అధికారులు కూర్చునే ఆ బోర్డు ముందు తప్పు కనిపెట్టిన మూడేళ్ళలోపు అర్జీ పెట్టాలి. న్యాయం కోసం అవసరమనుకుంటే ఆ గడువుని బోర్డు పక్కన పెట్టొచ్చు, దశాబ్దాల నాటి అర్జీలు కూడా వింటుంది. సకాలంలో సిఫార్సు వెళ్ళని శౌర్య పతకాన్ని కాంగ్రెస్ సభ్యుడి ద్వారా మళ్ళీ పరిశీలనకి పెట్టే దారి కూడా అక్కడి చట్టంలో ఉంది.

మన దగ్గర అలాంటి బోర్డు లేదు. సర్వీసులో ఉన్న జవానుకి ఆర్మీ చట్టం సెక్షన్ 26 కింద ఫిర్యాదు చేసే హక్కుంది. రిటైరైనవాళ్ళకి మిగిలింది అర్జీ, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్ 2009లో పని మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి, హైదరాబాద్‌లో సర్క్యూట్ బెంచి కూర్చుంటుంది. లాయరు లేకుండా స్వయంగా వాదించుకునే వీలు చట్టమే ఇచ్చింది. కానీ ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి డెబ్బై అయిదేళ్ళ మనిషి రాత్రంతా రైల్లో కూర్చుని హైదరాబాద్ వెళ్ళి వాయిదా వేయించుకుని రావడాన్ని వీలు అనడం కష్టం.

ట్రిబ్యునల్ దగ్గర మొదటి అడ్డంకి గడువు. అర్జీ మీద తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. అర్జీకి ఆరు నెలలు జవాబే రాకపోతే, ఆ తర్వాత మరో ఆరు నెలల్లోపు వెళ్ళాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. పెన్షన్ కేసుల్లో నెలనెలా నష్టం కొనసాగుతుంది కాబట్టి ఆలస్యమైనా వినొచ్చని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది, బకాయిలు మాత్రం మూడేళ్ళకే పరిమితం చేసింది. మెడల్‌లో నెలనెలా నష్టం కనిపించదు. పూర్వీ స్టార్ వెనక డబ్బు లేదు. అందుకని ఆ తీర్పు నేరుగా ఆసరా ఇవ్వదు. ఇక్కడ గట్టిగా నిలిచే వాదన ఇంకొకటుంది. మెడల్‌కి తాను అర్హుడినని జవానుకి ఎవరూ చెప్పలేదు, షీట్ రోల్ అతని చేతికి ఎప్పుడూ రాలేదు. తెలియని తప్పు మీద గడువు ఎలా నడుస్తుంది?

డబ్బుతో ముడిపడ్డ మెడల్ ఒకటుంది, దాన్ని వదిలేయకూడదు. శత్రువుతో జరిగిన పోరులో గాయపడినవాళ్ళకి ఇచ్చే వూండ్ మెడల్. ఇది లేదంటే ఆ గాయం ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’గా, అంటే యుద్ధంలో తగిలిన గాయంగా, ప్రచురితం కాలేదేమో అని అనుమానించాలి. అలా జరిగితే పెన్షన్ లెక్కే మారిపోతుంది. 2006 తర్వాతి నియమాల్లో నూరు శాతం వైకల్యానికి సాధారణ వైకల్య భాగం చివరి జీతంలో 30 శాతం. యుద్ధ గాయంతో సర్వీసు నుంచి పంపేసినవాళ్ళకి అదే నూరు శాతం. ఇక్కడ నష్టం నెలనెలా జరుగుతున్నదే కాబట్టి తర్సేమ్ సింగ్ తీర్పు పూర్తిగా పనికొస్తుంది. కాలికి తూటా గాయం ఉండి మామూలు పెన్షన్ తీసుకుంటున్న మాజీ సైనికుడు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ ఉంటే సగం పని అయినట్టే.

శౌర్య పతకం విషయంలో దారి పూర్తిగా మూసుకుపోయిందా అంటే, పతకం వరకు దాదాపు మూసుకుపోయినట్టే. రికార్డు వరకు కాదు. కార్గిల్ యుద్ధంలో బటాలిక్ సెక్టార్‌లో 70వ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌ని నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ తన గురించి రాసిన యుద్ధ నివేదిక పక్షపాతంతో ఉందని ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. 2010లో ఢిల్లీ ప్రధాన బెంచి ఆయన వాదనతో ఏకీభవించి ఆ రికార్డుని సరిచేయమంది. ‘నాకు పతకం ఇవ్వండి’ అనే ప్రశ్నకి చేయలేని పనిని ‘నా గురించి రాసింది నిజమా’ అనే ప్రశ్న చేసింది. అయితే ఆయన బ్రిగేడియర్. నివేదికలు ఎవరు రాశారో, ఎక్కడున్నాయో తెలుసు. ఒక సిపాయి విషయంలో, సైటేషన్ రాయాల్సిన కంపెనీ కమాండర్ అదే దాడిలో చనిపోయి ఉంటే, సరిచేయడానికి అసలు రాసిన కాగితమే ఉండదు.

కాగితం లేనప్పుడు చుట్టూ ఉన్న కాగితాలతో కట్టుకురావాలి. అదే యూనిట్‌లో అదే సమయంలో ఉండి మెడల్ అందుకున్న తోటి సైనికుడి డిశ్చార్జి బుక్ కాపీ, అతని అఫిడవిట్. ఫీల్డ్ ఏరియాలో ఉన్నవాళ్ళకి భత్యాలు, రాయితీలు వేరుగా ఉంటాయి కాబట్టి జీతం లెక్కలు. ఆసుపత్రి చీటీ, మూవ్‌మెంట్ ఆర్డర్, ఆ రోజుల్లో ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రతో ఇంటికి రాసిన ఉత్తరం. ట్రంకు పెట్టెలో పడున్న ఇన్‌లాండ్ కవర్ని చెత్త అనుకుని పారేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ముద్ర మీది నంబరూ తేదీ కలిస్తే ఆ మనిషి ఆ వారం ఎక్కడున్నాడో చెప్పగలవు. మాజీ సైనికుడు చనిపోయి ఉంటే భార్య గానీ పిల్లలు గానీ ఈ పని చేయొచ్చు.

అర్జీదారుల్లో మరో రకం వాళ్ళున్నారు. వాళ్ళ రికార్డులో మెడల్ నమోదై ఉంటుంది, చేతికి లోహం రాలేదు, లేదా వచ్చింది పోయింది. వీళ్ళకి దిద్దుబాటు అక్కర్లేదు. రికార్డ్స్ ఆఫీసు నుంచి మెడల్ తెప్పించుకోవడమో, పోయినట్టు పోలీసు రిపోర్టు, అఫిడవిట్ పెట్టి మరొకటి అడగడమో చేస్తే సరిపోతుంది. చాలామంది విసిగి బజారులో కొనుక్కుని కోటుకి పెట్టుకుంటారు. నమోదు ఉన్నవాళ్ళు అలా చేస్తే తప్పుపట్టలేం. నమోదు లేనివాళ్ళకి కొన్న మెడల్‌తో ఏమీ తేలదు. వెయ్యో రెండు వేలో తీసుకుని ‘మెడల్ ఎక్కిస్తాం’ అనే మధ్యవర్తుల మాట అసలు వినకూడదు, షీట్ రోల్ దిద్దే చెయ్యి రికార్డ్స్ ఆఫీసులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ భారమంతా ఒక్కో ముసలి సైనికుడి మీద వేయాల్సిన అవసరం నిజానికి లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర నమోదైన మాజీ సైనికుల, వీరనారుల (అమరులైన సైనికుల భార్యల) జాబితా సర్వీస్ నంబర్లతో సహా ఉంది. 1965లో, 1971లో ఏ యూనిట్ ఏ రంగంలో ఉందో సైన్యానికి తెలుసు. పెన్షన్ వివరాలు స్పర్శ్ పోర్టల్‌లోకి ఎక్కాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, యుద్ధరంగంలో ఉన్న యూనిట్‌లో పనిచేసి కూడా ఆ యుద్ధపు మెడల్ నమోదు లేనివాళ్ళ పేర్లు జిల్లాలవారీగా బయటికి తీయడం అర్జీల కోసం కాచుక్కూర్చోవడం కంటే చిన్న పని. 1971లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళ వయసు చూస్తే, వాళ్ళ జాబితాతోనే మొదలుపెట్టాలి.